లెక్కల పిల్లకు ఇంట్లో బీజగణితం: ఏ పుస్తకం? ఎప్పుడు? ఎలా?

(భావనపాడులో జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని ఒక పావుగంట మాట్లాడమన్నారు. బడిపంతులుకు పావుగంట హాజరు పిలవడానికే సరిపోతుంది. అయినా ప్రయత్నం చేస్తాము. విద్య గొప్పది, విద్య లేనివాడు వింత పశువు అనే మాటలు ఈ వేదిక మీద ఏటా వింటూనే ఉన్నాము. కావున ఈసారి ఆ మాటలు పక్కన పెట్టి ఒకే ఒక్క చిన్న ప్రశ్న తీసుకుంటున్నాము. ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో లెక్కల్లో వయసుకు మించిన చురుకు చూపిస్తే తల్లిదండ్రులు ఏం చేయాలి? ఆ బిడ్డకు బీజగణితం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఇది కొద్దిమంది సమస్య అనుకోకండి. చురుకైన పిల్లలు పట్నాలలోనే పుడతారని ఎక్కడా రాసిలేదు.

పోయినేడు సభ అయిపోయి భోజనాలు వడ్డిస్తున్న వేళ ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతురిని చెయ్యి పట్టుకొని మా దగ్గరకు తెచ్చింది. తండ్రి నౌపడ ఉప్పు మడుల దగ్గర కాటా లెక్కలు రాసే గుమాస్తా. ఒక సాయంత్రం ఆయన సరదాకి కూతురిని అడిగాడట: "ఒక బస్తా బరువు, ఆ బరువులో సగం, ఇంకో 15 కిలోలు - అన్నీ కలిపితే 90 కిలోలు. బస్తా ఎంత?" పిల్ల జడ వేయించుకుంటూనే "యాభై, అబ్బా" అన్నదట. ఎలాగమ్మా అంటే, "15 తీసేశాను. 75 మిగిలింది. అవి మూడు సగాలు కదా. ఒక సగం 25. రెండు సగాలయితే బస్తా" అన్నదట.

అయ్యా, ఇది బీజగణితమే. అక్షరం లేదు, గుర్తు లేదు, కానీ బీజగణితమే. ఆరో తరగతిలో మేము బల్ల గుద్ది చెప్పినా అందరికీ ఎక్కని విషయం ఆ పిల్లకు దానంతటదే తట్టింది.

ఆ తరువాత జరిగింది వినండి. ఆనందం పట్టలేక తండ్రి అప్పు చేసి ఫోనులో పాఠాలు చెప్పే ఒక కోర్సు కొన్నాడు. ఏ కంపెనీ అన్నది మనకు ముఖ్యం కాదు. అందులో మొదటి వారమే "ఎక్స్" వచ్చింది. "అంకెను అవతలి వైపుకు పంపితే గుర్తు మారుతుంది" అని చెప్పారు. పిల్ల, "ఎందుకు మారుతుంది అమ్మీ?" అని అడిగింది. తల్లి చదివింది ఏడో తరగతి. ఫోనులో ఉన్న బొమ్మకు ప్రశ్న వినబడదు. మూడు నెలలయ్యేసరికి పిల్ల పలక తోసేసి, "నాకు లెక్కలు రావు, నాకొద్దు" అనడం మొదలుపెట్టింది. ఆ తల్లి మాతో అన్న మాట ఇది: "ఏటి సేయమంటారు మాస్టారూ? ఉన్న తెలివి కూడా మేమే పోగొట్టీసినట్టయిపోనాది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం ఆ పిల్ల ఒక్కతే కాదు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఏ లెక్క ఇచ్చినా జవాబు చెప్పేవాడు, విధానం రాసేవాడు కాదు. "కాపీ కొట్టావా?" అన్నాము. "లేదు సార్, కనబడింది" అన్నాడు. ఆ "కనబడింది" అన్న మాటకు మాకు కోపం వచ్చింది. విధానం యాభైసార్లు రాయించాము. సున్నా మార్కులు వేశాము. వాడికి ఏం కనబడిందో ఒక్కనాడు కూడా అడగలేదు. ఏడో తరగతిలో వాడు బడి మానేశాడు. ఇల్లు గడవక మానేశాడని అందరూ అన్నారు, అదీ నిజమే. కానీ వాడికి బడి మీద ఉన్న చివరి ఇష్టాన్ని తుంచింది మేమేనని మాకు తెలుసు. వాడి మాట చివరలో మళ్లీ చెబుతాము.

కావున ఈ తల్లికి ఏదో ఒకటి చెప్పి పంపలేకపోయాము. రెండు నెలలు గడువు అడిగి పుస్తకాలు తిరగేశాము. ఆ తిరగేయడంలో తెలిసినదే ఈ ప్రసంగం.

మొదట ఒక్క మాట చరిత్ర. బీజగణితం అంటే బెదిరిపోయే తల్లులకు, తండ్రులకు ఇది ధైర్యం ఇస్తుంది. ఇంగ్లీషులో ఆల్జీబ్రా అనే మాట అరబ్బీ "అల్ జబర్" నుంచి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోనిది ఆ మాట. జబర్ అంటే విరిగినదాన్ని తిరిగి అతికించడం, లోటును పూడ్చడం. ముకాబలా అంటే రెండు పక్కలనూ ఎదురెదురుగా పెట్టి సరిచూడడం. ఆ పుస్తకంలో ఒక్క ఎక్స్ లేదు, వై లేదు. మొత్తం మాటలలోనే ఉంది. పుస్తకంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు పంపకాలు. ఉదాహరణకు ఒక ఇంటి పెద్ద పోయి 24 లక్షల ఆస్తి మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అనగా 3 లక్షలు. మిగిలిన 21 లక్షలలో కూతురిది ఒక వాటా అయితే కొడుకుది రెండు వాటాలు. మూడు వాటాలు 21 కాబట్టి ఒక వాటా 7. ఈ పంపకం మన ఇళ్లల్లో పెద్దలు నోటితోనే చేస్తారు. తెలియని వాటాకు ఒక పేరు పెట్టి, దాన్ని తెలిసినదానిలాగే నడిపించి, చివరకు బయటకు లాగడం - బీజగణితమంటే అంతే.

మన దేశంలోనూ ఇంతే. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో సున్నా కంటే ఎక్కువదాన్ని ధనమనీ, తక్కువదాన్ని ఋణమనీ అన్నాడు. ఆస్తి, అప్పు. ఇవాళ్టికీ తెలుగు లెక్కల పుస్తకంలో ధన సంఖ్య, ఋణ సంఖ్య అనే అంటున్నాము. భాస్కరాచార్యుడు పన్నెండో శతాబ్దంలో బీజగణితం రాస్తూ తెలియని రాశులకు నలుపు, నీలం, పసుపు అని రంగుల పేర్లు పెట్టాడు. అక్బరు కాలంలో 1587లో ఫైజీ లీలావతిని ఫార్సీలోకి తెచ్చాడు. షాజహాను కాలంలో 1634లో అతావుల్లా రుష్దీ భాస్కరుని బీజగణితాన్ని ఫార్సీలోకి తెచ్చాడు. ఆ ఫార్సీ నుంచే 1813లో లండనులో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. మన తెలుగులో పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణితాన్ని పద్యాలలో పెట్టాడు. ఒక భాష నుంచి మరో భాషకు ఈ విద్య ఇలా నడిచి వచ్చింది. కాబట్టి "మా పిల్ల ఉర్దూ, మీడియం వేరు, ఇంగ్లీషు రాదు, ఎలాగ?" అని దిగులుపడవలసిన పని లేదు.

ఉర్దూ మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. 1821లో పుట్టిన మాస్టర్ రామచంద్ర ఢిల్లీ కాలేజీలో ఉర్దూలో లెక్కలు చెప్పిన మనిషి. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పెంచింది. ఆయన 1850లో ఒక పుస్తకం రాసి సొంత ఖర్చుతో కలకత్తాలో అచ్చు వేయించాడు. ఒక రాశి ఎంత పెద్దది కాగలదు, ఎంత చిన్నది కాగలదు అనే లెక్కలను ఐరోపావారు పెద్ద గణితంతో చేస్తుంటే, ఆయన కేవలం బీజగణితంతో చేసి చూపించాడు. డి మోర్గాన్ అనే ఆంగ్ల గణితవేత్త మెచ్చి 1859లో దాన్ని లండనులో మళ్లీ అచ్చు వేయించాడు. ఆయన శిష్యుడు మౌల్వీ జకావుల్లా ఉర్దూలో వరసగా లెక్కల పుస్తకాలు రాశాడు. మాతృభాషలో బీజగణితం నడవదనేవారికి ఇదే జవాబు.

ఇక ఇంటి చదువు మాట. ఇంట్లో చెప్పడం కొత్త సంగతేమీ కాదు. 1920లో పుట్టిన సి.ఆర్. రావుగారు ప్రపంచంలో పేరుపడ్డ సంఖ్యాశాస్త్రవేత్త. మన విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారు. 2023లో కన్నుమూశారు. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనేదని ఆయనే రాసుకున్నారు. తండ్రి చిన్నతనంలోనే లీలావతి లెక్కల పుస్తకం చేతికిచ్చి రోజుకు కొన్ని చొప్పున చేయమన్నారని కూడా చెప్పుకున్నారు. ఇక్కడ గమనించవలసినవి మూడు. ఒకే పుస్తకం. రోజుకు కొన్ని లెక్కలు. పక్కన ఒక మనిషి. మేము రెండు నెలలు తిరగేసి తెలుసుకున్నది కూడా ఇంతకంటే ఎక్కువ కాదు.

కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టు అంధులు. ఇంట్లో తోబుట్టువు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారు. పెద్ద పెద్ద గుణకారాలు నోటితో చెప్పి సభలను ఆశ్చర్యపరచారు. ఆయనను తలచుకుంటూనే ఒక హెచ్చరిక చేస్తున్నాము. వేగంగా లెక్క కట్టడం వేరు, బీజగణితానికి సిద్ధంగా ఉండడం వేరు. ఇరవయ్యో ఎక్కం గడగడా అప్పచెప్పే పిల్లలందరూ సిద్ధంగా ఉన్నట్టు కాదు. నిదానంగా ఆలోచించే పిల్ల సిద్ధంగా ఉండవచ్చు.

సిద్ధంగా ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ఈ రాత్రే ఇంటికి వెళ్లి ఒక లెక్క ఇచ్చి చూడండి. "8 కి 4 కలిపితే, ఏదో ఒక అంకెకు 5 కలిపినదానితో సమానం. ఆ అంకె ఏది?" చాలామంది పిల్లలు 12 అంటారు. వాళ్ల లెక్కలో "సమానం" అన్న గుర్తుకు అర్థం "జవాబు రాయి" అని. 7 అన్న పిల్లకు సమానం అంటే తక్కెడ అని తెలుసు. ఆ పిల్ల బీజగణితం గుమ్మంలో ఉంది. రెండో లెక్క: "98 ని 7 తో గుణిస్తే ఎంత?" కాగితం లేకుండా "700 లో 14 తీసేశాను" అంటే విడగొట్టి కలపడం వచ్చినట్టే. మూడోది భిన్నాలు. సగంలో మూడో వంతు ఎంతో రొట్టె తుంచి చూపించగలగాలి. భిన్నాలు రాకుండా బీజగణితంలోకి దించితే కర్ర లేకుండా డేరా వేసినట్టే. ఈ మూడూ వస్తే వయసు ఎనిమిదైనా పన్నెండైనా మొదలుపెట్టవచ్చు. రాకపోతే తొందర లేదు.

ఇప్పుడు పుస్తకాలు. మేము చూసినవాటిని వరసగా చెబుతాము.

మొదటిది మన ప్రభుత్వ బడి పుస్తకం. 2020 తరువాత వచ్చినవాటిలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉన్నాయి. ఆరో తరగతిలో బీజగణిత పరిచయం, ఏడులో సామాన్య సమీకరణాలు. ఇంట్లో అక్కవో అన్నవో పాతవి ఉంటే ఖర్చే లేదు. లోపం ఏమిటంటే ఒకే రకం లెక్కలు వరసగా ఎక్కువ ఉంటాయి. చురుకైన పిల్ల నాలుగు చేసి విసుక్కుంటుంది. కాబట్టి అంకెల లెక్కలు ఒకటి విడిచి ఒకటి చేయించండి. మాటల లెక్కలు మాత్రం ఒక్కటీ వదలకండి.

రెండోది ఎన్.సి.ఇ.ఆర్.టి. వారివి. ఈ సంస్థ ఉర్దూలో కూడా లెక్కల పుస్తకాలు వేస్తున్నది. 2025లో వచ్చిన ఏడో తరగతి గణిత ప్రకాశ్ పుస్తకంలో అక్షరాలను సంఖ్యలలాగ వాడడం మీద ఒక అధ్యాయమే ఉంది. ఫోనులో ఉచితంగా దించుకోవచ్చు. అందులో లెక్క చేయమనే ముందు ఆలోచించమంటారు. అది మాకు నచ్చింది.

మూడోది హాల్, నైట్ దొరలు 1885లో రాసిన బీజగణితం. మా తాతల కాలం పుస్తకం. ఇంకా అచ్చవుతూనే ఉంది. లెక్కలు ముత్యాలు. కానీ అది పెద్ద తరగతుల కోసం రాసినది. మొదటి పుటల నుంచే అక్షరాలు వచ్చేస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లకు పనికిరాదు. పన్నెండు దాటాక, అంతవరకు నేర్చినది గట్టిపడడానికి వాడుకోవచ్చు.

నాలుగోది అమెరికావారివి. హెరాల్డ్ జేకబ్స్ 1979లో వేసిన పుస్తకం సంఖ్యల గారడీతో మొదలవుతుంది. బొమ్మలు, హాస్యం ఉంటాయి. పిల్లలు ఇష్టపడతారు. రిచర్డ్ రుస్‌చిక్ రాసిన బీజగణిత పరిచయం వేరే రకం. ముందు లెక్క ఇచ్చి గింజుకోనిస్తాడు, తరువాత వివరిస్తాడు. ఇది నిజంగా ఆకలి ఉన్న పిల్లలకే. రెండూ ఇంగ్లీషు మీద నడిచేవి, మన చేతికి ఖరీదైనవి. ఇంట్లో ఇంగ్లీషు చదివి చెప్పే మనిషి లేకపోతే కొనకండి. అర్థం కాని పుస్తకం అలమరలో ఉంటే పిల్లకు అది తన తప్పు అనిపిస్తుంది.

ఐదోది ఫోనులో పాఠాలు. సల్మాన్ ఖాన్ అనే ఆయన (సినిమా ఆయన కాదు, పిల్లలు నవ్వకండి) 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టి, 2008లో ఖాన్ అకాడమీ పెట్టారు. ఉచితం. అర్థం కానిది మళ్లీ వినడానికి బాగుంటుంది. కానీ గమనించండి, అది కూడా మొదట ఒక మనిషి ఒక పిల్ల ప్రశ్న వినడంతోనే మొదలయింది. వినే మనిషి లేకుండా పాఠం ఒక్కటే సరిపోదు.

ఇన్ని చూసి ఆ తల్లికి మేము చెప్పినది ఇది. "అమ్మా, ఆరు నెలలు ఏ పుస్తకమూ వద్దు. ఎక్స్ అసలే వద్దు. ఖాళీ అగ్గిపెట్టెలు, చింతపిక్కలు తీసుకోండి." ప్రతి పెట్టెలో సమానంగా పిక్కలు దాచి మూసేయాలి. చాప మధ్యన ఒక దారం. దారానికి ఇటు 3 పెట్టెలు, 2 పిక్కలు. అటు 1 పెట్టె, 12 పిక్కలు. రెండు పక్కలా పిక్కలు సమానం. పెట్టెలో ఎన్ని? పిల్ల ఇటు ఒక పెట్టె, అటు ఒక పెట్టె తీసేస్తుంది. ఇటు రెండు పిక్కలు, అటు రెండు పిక్కలు తీసేస్తుంది. ఇప్పుడు 2 పెట్టెలకు 10 పిక్కలు. పెట్టెకు 5. మూత తీసి చూసుకుంటుంది. మేము మొదటిసారి చేయించినప్పుడు ఆ పిల్ల కాసేపు దారం వైపే చూసి, "గుర్తు మారడం కాదు సార్. రెండు పక్కలా తీస్తున్నాం. ఇటు కనబడకుండా పోయింది, అంతే" అన్నది. మూడు నెలలు ఏడిపించిన ప్రశ్నకు జవాబు తానే చెప్పుకున్నది. వాళ్ల నాన్న కాటా దగ్గర రోజూ చేసే పని కూడా అదే.

తరువాత అగ్గిపుల్లలు. ఒక చదరానికి 4 పుల్లలు, పక్కన ఇంకొకటి అంటిస్తే 7, మూడింటికి 10. నూరు చదరాలకు ఎన్ని? ఆ పిల్ల, "మొదటిదానికి 4, మిగతా 99 కి మూడేసి" అని 301 తెచ్చింది. "ఇంకో దారి ఉందా?" అన్నాము. మర్నాడు, "నిలువుగా ఒక పుల్ల ముందు పెట్టేస్తే నూరు మూళ్లు, ఒకటి" అన్నది. "ఇంకో దారి?" అన్నాము. రెండు రోజులకు "పైన నూరు, కింద నూరు, నిలువు నూటొకటి" అన్నది. మూడు దారులూ 301 కే ఎందుకు వచ్చాయి? అక్కడ అక్షరం అవసరం వచ్చింది. నూరుకు బదులు "ఎన్నయినా సరే" అని రాయాలి కదా. అప్పుడే అక్షరం నేర్పాము. ఆకలి వేశాక పెట్టిన అన్నం అది.

సోదరులారా, చురుకైన పిల్లకు కావలసింది పై తరగతి పుస్తకం తొందరగా కాదు. అదే లెక్క ఇంకా లోతుగా. ఏడాదిలో మూడు తరగతులు దాటించామని చెప్పుకోవడం పెద్దలకు బాగుంటుంది. ఒకే లెక్కను మూడు దారుల్లో చేసిన పిల్ల మాత్రం తరువాత ఎక్కడా ఆగదు. వర్గ సమీకరణం వచ్చినప్పుడు కూడా సూత్రం బట్టీ పట్టించకండి. అల్ ఖ్వారిజ్మీ చేసినట్టు బొమ్మ గీయించండి. ఒక చదరం, దాని భుజానికి 10 రెట్లు, రెండూ కలిసి 39. చదరానికి రెండు పక్కల 5 వెడల్పు పట్టీలు అంటించండి. మొత్తం 39. మూల ఖాళీగా ఉంది. అది 5 ఐదులు, 25. పూడ్చండి. మొత్తం 64, అంటే భుజం 8. అందులో 5 తీసేస్తే 3. లోటు పూడ్చడమే జబర్. పన్నెండు వందల ఏళ్ల నాటి ఈ బొమ్మను గళ్ల కాగితం మీద పదేళ్ల పిల్ల గీయగలదు.

మూడో విషయం, బడి. "అంత తెలివైతే బడి మానిపించి విశాఖలో కోచింగులో పెడతాం" అని ఆ తండ్రి అన్నాడు. మేము వద్దన్నాము. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య 2009 చట్టం ఇచ్చిన హక్కు. సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతి పరీక్షకు కూడా పద్నాలుగేళ్లు నిండాలి. ఈలోగా పిల్ల ఒంటరి అవుతుంది. శ్రీనివాస రామానుజన్ మాట మీకు తెలియనిది కాదు. పదహారేళ్ల వయసులో కార్ అనే ఆయన సంకలనం చేసిన పుస్తకం చేతికి వచ్చింది. వేల ఫలితాలు, నిరూపణలు దాదాపు శూన్యం. ఆ తరువాత రామానుజన్ కూడా తన ఫలితాలను అలాగే నోటు పుస్తకాల్లో రాసుకుంటూ పోయారు. ఏ పుస్తకంతో మొదలుపెడతామో ఆ పద్ధతే పిల్లకు అంటుతుంది. లెక్కల్లో మునిగి మిగతావి వదిలేయడం వలన కాలేజీలో తప్పి, ఉపకార వేతనం పోగొట్టుకున్నారు. అంత మేధావికే కష్టమైంది. ఆస్ట్రేలియాలో 1975లో పుట్టిన టెరెన్స్ టావ్ ఎనిమిదేళ్లకే కాలేజీ ప్రవేశ పరీక్ష లెక్కల్లో 800 కి 760 తెచ్చుకున్నాడు. అయినా తల్లిదండ్రులు బడి మానిపించలేదు. లెక్కలకు పై తరగతిలో కూర్చోబెట్టి, మిగతావి తన స్థాయిలోనే చదివించారు. పూర్తిగా విశ్వవిద్యాలయానికి పంపడానికి తొందరపడలేదు. మనకూ అదే దారి. బడి బడే. బీజగణితం సాయంత్రం అరగంట. మగ్రిబ్‌కు ముందో, తరువాతో, మీ వీలు.

ఆ అరగంట ఎవరు కూర్చోవాలి? తల్లి. "నాకు రాదు మాస్టారూ" అన్నది ఆవిడ. "రాకపోవడమే మంచిది" అన్నాము. "మీరు చెప్పకండి, మీకు చెప్పమనండి. అర్థం కాకపోతే కాలేదనండి. ఎందుకు అని అడగండి." తల్లికి చెప్పడం కోసం పిల్ల విధానం రాయడం మొదలుపెట్టింది. మేము నాడు యాభైసార్లు రాయించి సాధించలేనిది ఆ తల్లి ఒక్క "అర్థం కాలేదమ్మా"తో సాధించింది.

వాళ్ల నానీ ఒకరోజు, "ఆడపిల్లకు ఇంత హిసాబ్ దేనికి?" అన్నారు. పెద్దావిడ, ఎదురు చెప్పలేము. మర్యమ్ మీర్జాఖానీ కథ చెప్పాము. 1977లో టెహరానులో పుట్టిన ఆ అమ్మాయిని మధ్య తరగతుల్లో ఒక ఏడు లెక్కల టీచరు నీకు అంత తెలివి లేదన్నట్టు చూస్తే లెక్కల మీద మనసే పోయింది. మరుసటి ఏడు ఇంకో టీచరు ప్రోత్సహించారు. ఆ అమ్మాయే 2014లో గణితంలో ఫీల్డ్స్ పతకం పొందిన మొదటి మహిళ అయింది. 2017లో నలభై ఏళ్లకే చనిపోయింది. కథ విని నానీ ఏమీ అనలేదు. కానీ మరుసటి వారం చింతపిక్కలు కడిగి ఎండబెట్టి పెట్టింది ఆవిడే.

ఇప్పుడా పిల్ల నాలుగో తరగతి. అద్భుతాలేమీ జరగలేదు. ఆరో తరగతి పుస్తకంలో బీజగణితం పూర్తి చేసి ఏడులోది సగం చేసింది. హిందీలో మార్కులు తక్కువే. వర్షం వస్తే ఆడుకోవడానికి పరుగెడుతుంది. కానీ "నాకు లెక్కలు రావు" అన్న మాట మళ్లీ అనలేదు. మాకు అది చాలు.

చివరగా సంఘానికి మా విన్నపం. పెద్ద ఖర్చు కాదు. సంఘం గదిలో ఒక అలమర. అందులో ఆరు నుంచి పది తరగతుల లెక్కల పుస్తకాలు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో. ఒక డబ్బా అగ్గిపెట్టెలు. ఆదివారం గంటసేపు డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, కూర్చుంటే చాలు. మేము నెలకు రెండుసార్లు వస్తాము. మన పిల్లలే అని కాదు, ఊళ్లో వలలు అల్లే ఇళ్ల పిల్లలు వచ్చినా కూర్చోబెడదాము. లెక్కకు మతమూ లేదు, కులమూ లేదు.

ఆ కుర్రవాడి మాట చెబుతామన్నాము. ఇప్పుడతనికి ముప్పై దాటాయి. విజయనగరంలో ఒక పాత ఇనుము దుకాణంలో కాటా దగ్గర ఉంటాడు. మొన్న వెతుక్కుంటూ వెళ్లాము. కాలిక్యులేటరు పక్కన పడి ఉంది, ముట్టుకోవడం లేదు. "నాడు నీకేం కనబడేదిరా?" అని ఇన్నేళ్లకు అడిగాము. అతను నవ్వి, "తక్కెడ సార్" అన్నాడు. కాస్సేపు మాకు మాట రాలేదు. తప్పయిందని చెప్పాము. "అదేటి సార్, మీరు అలాగనకండి" అని టీ తెప్పించాడు. వచ్చేటప్పుడు, "మావాడు మూడు చదువుతున్నాడు. వాడికీ అలాగే కనబడతందట. సెలవులకి మా అత్తోరింటికి పంపితే మీ ఆదివారం క్లాసుకి వస్తాడు, తీసుకుంటారా?" అన్నాడు.

తీసుకుంటామని మాట ఇచ్చి వచ్చాము. అలమర మాత్రం మీరు ఇవ్వాలి.